అక్క కోసం చేసిన కుంట

నీళ్లను ఒక్కసారికి మూడు మిల్లీమీటర్ల కన్నా మందంగా పోయకూడదు. పోస్తే లోపల వేడి పుడుతుంది. వేడి పుడితే పసుపు తిరుగుతాయి, నెర్రెలు విడుస్తాయి. పలుచగా ఒక పొర పోసి, దుమ్ము పడకుండా మూత పెట్టి, ఒక రోజంతా దాని జోలికి పోకుండా ఉండాలి. మరునాడు అంచున వేలు ఆనిస్తే అంటుకోకూడదు. అప్పుడే రెండో పొర. మా ఊరి కుంటను నేను అలా ఎనిమిది పొరల్లో నింపాను. ఎనిమిది రోజుల్లో కావలసిన పనికి పద్నాలుగు రోజులు పట్టింది, నడుమ ముసురు పట్టడం వల్ల. ఆ పద్నాలుగు రోజులూ నా డైరీలో ఉన్నాయి. ఏ పొర ఎన్ని గంటలకు పోశాను, ఎన్ని బుడగలు లేచాయి, ఎప్పటికి గట్టిపడింది, అన్నీ రాశాను. ఆ కుంట చేసినన్నాళ్లూ అక్క ఏమన్నదో మాత్రం రెండే చోట్ల రాసుకున్నాను.

ఇవి తాగే నీళ్లు కావు. రెండు సీసాల్లో వచ్చే చిక్కటి ద్రవాలు. ఒకటి రెజిన్, రెండోది దాన్ని గట్టిపరిచేది. చెప్పిన పాళ్లలో కలిపి, నురగ రాకుండా నిదానంగా తిప్పి పోయాలి. గట్టిపడ్డాక అడుగున మట్టి, రాళ్లు, నాచు కనిపిస్తాయి. పైన మెరుపు ఉంటుంది. బొమ్మ కుంటను చూసినవాళ్లు వేలు పెట్టి తడి చూసుకునేవాళ్లు.

నేను నందికొండలో డ్యామ్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా ముప్పై నాలుగేళ్లు పనిచేశాను. ఒకసారి, చూడవచ్చే పెద్దల కోసం బల్ల మీద డ్యామ్ నమూనా చేయమన్నారు. అప్పుడు మాకు తెలిసిన విద్య ఇంతే. రంపపు పొట్టుకు ఆకుపచ్చ రంగు కలిపి బంక మీద చల్లితే గడ్డి. అద్దం వెనుక నీలిరంగు పూస్తే నీళ్లు. ఆ నీళ్లలో ఆఫీసు పైకప్పు కనిపించేది, ఫ్యాను తిరుగుతూ ఉండేది. అది నాకు చాలా ఏళ్లు మనసులో ముల్లులా ఉండిపోయింది. రిటైరై చిట్యాలలో ఇల్లు కట్టుకున్నాక ఫోనులో వీడియోలు చూసి ఈ కొత్త పద్ధతి నేర్చుకున్నాను. రాష్ట్రం వచ్చిన కొత్తలో మొదలుపెట్టాను. ఒక కాలువ, ఒక మోట బావి, చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే మత్తడి ఒకటి చేశాను. మా ఆవిడ వచ్చినవాళ్లకు చెప్పేది: "కొలువుల ఉన్నన్నాళ్లు కాయితం మీద గీసిండు. గిప్పుడు బల్ల మీద కడ్తాండు. బిల్లు ఒక్కటే వస్తలేదు."

అక్క నాకన్నా ఆరేళ్లు పెద్దది. మాది గొర్లు కాసే ఇల్లు. బాపు నన్ను పదో ఏట రామన్నపేట హాస్టల్లో వేశాడు. అక్కను ఏ బడిలోనూ వేయలేదు. నేను హాస్టలుకు పోయే నాటికే మంద ఆమె చేతిలో ఉంది. ఆ మందలోంచే ఏటా రెండు గొర్లు అమ్మి నన్ను చదివించారు. ఆమెను ఊళ్లోనే ఇచ్చారు. అక్కడా గొర్లే. పిల్లలు కలగలేదు. బావ పోయాక కూడా ఒక్కతే మందను నడిపింది. ఒక ఎండాకాలం పక్క ఊరి మంద వచ్చి ఆమె మందలో కలిసింది. విడదీయడానికి పోయి తన గొర్లేవో పరాయివేవో తెలియక నిలబడిపోయింది. అరవై ఏళ్లుగా మొహం చూసి గొర్రెను గుర్తుపట్టిన మనిషి. ఆ వారమే మందను అమ్మేసింది. నేను పోయి చిట్యాలకు తీసుకొచ్చాను.

పట్నంలో కంటి దవాఖానకు పోయాం. కంట్లో నీటి ఒత్తిడి పెరిగి నరం ఎండిపోతున్నదన్నాడు డాక్టరు. ఎడమ కన్ను పోయింది. కుడి కంట్లో చుట్టూ చూపు పోయి నడుమ కొంచెం మిగిలింది. పోయింది రాదు, ఉన్నది ఎన్నాళ్లుంటుందో చెప్పలేమన్నాడు. 

"కండ్లల్ల నీళ్లు నిండినయంటాండు. నేనేనాడు ఏడ్వకపోతి, యాడికెల్లి వచ్చినయిరా?" అంది అక్క, బయటికి వచ్చాక. 

బస్సులో నల్లగొండ దారి పట్టాక మళ్లీ నోరు విప్పింది.

"తమ్మీ, ఒక్కటి జూపిస్తవా నాకు?"

"ఏదన్న జూపిస్త. యాదగిరిగుట్ట పోదామా?"

"గుట్టకెందుకు? కుంట. మన కుంట ఒక్కసారి జూస్త. మల్ల కనవడకున్నా ఫికర్ లేదు."

ఆ ఆదివారమే ఆటో మాట్లాడుకుని పోయాం. కుంట నిండి ఉంది. ముందు పూడిక తీశారు, తర్వాత కాల్వ కలిపారు. అప్పటి నుంచి ఎండాకాలంలో కూడా నీళ్లు దిగడం లేదు. మత్తడి దుంకుతోంది. కట్ట మీద మోటారు సైకిళ్లు ఆపి జనం ఫొటోలు తీసుకుంటున్నారు. చేపలు పట్టేవాళ్లు వలలు ఆరేశారు. నీటిపారుదల పనిలో జీవితం గడిపినవాణ్ని, ఆ నీళ్లను చూసి నా ఒళ్లు పొంగింది. అక్క చేయి పట్టుకుని కట్ట మీద నడిపించాను. ఆమె తల కొంచెం కొంచెంగా తిప్పుతూ చూసింది. చాలాసేపు చూసింది.

"ఇది గాదురా," అంది.

"ఇదేనక్కా. గదిగో మత్తడి. గిదిగో తూము."

"తూము నాకెర్కలేదా? నేను కుంటను అడుగుతాన్న."

పాపం, చూపు చాలడం లేదనుకున్నాను. ఎంత తెలివితక్కువగా అనుకున్నానో ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది. అంత విశాలమైన నీళ్లు అంత సన్నని చూపులోకి ఎలా పడతాయి, అందుకే పోల్చుకోలేకపోయింది అని లెక్క వేశాను. మనం గొట్టంలోంచి చూస్తే కొండ కనిపిస్తుందా? కొండను చిన్నది చేసి గొట్టం ముందు పెట్టాలి. తిరుగు ప్రయాణంలోనే చెప్పాను.

"అక్కా, కుంటను చిన్నగ జేసి నీ కంటి ముందట పెడ్త. మొత్తం కనవడ్తది."

"చేస్తవా? గడ్డి గూడ పెడ్తవా?"

"గడ్డి లేకుండ కుంట ఎట్లైతది?"

"గడ్డి పెడ్తె చాలు," అని నా మోకాలు మీద తట్టింది.

మరునాడు అక్కను గోడకు ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టాను. గోడలో ఒక మేకు కొట్టి, దాన్నే చూస్తూ ఉండమన్నాను. పుల్లకు నల్లటి గుండీ కట్టి బయటి నుంచి మేకు వైపు జరిపాను. కనిపించిందన్న చోటల్లా పెన్సిల్‌తో చుక్క పెట్టాను. చుక్కలు కలిపితే అన్నం తినే పళ్లెమంత వచ్చింది. ఆ పళ్లెంలో ఎంత పడుతుందో దాన్ని బట్టి బల్ల కొలత నిర్ణయించాను. కొంచెం కొంచెం తల తిప్పితే మొత్తం అందేలా, అసలు కొలతలో రెండు వందల్లో ఒక వంతు. ప్రతి ఆదివారం మళ్లీ కొలవాలనుకున్నాను.

ఊరికి నాలుగుసార్లు పోయి కట్టను టేపుతో కొలిచాను. తూము ఎత్తు, మత్తడి వెడల్పు, రాతికట్టు వరుసలు పుస్తకంలో ఎక్కించాను. థర్మోకోల్ పలకలను మెట్లుగా పేర్చి, పైన ప్లాస్టర్ పూసి, జల్లెడ పట్టిన మట్టి అంటించాను. రాతికట్టుకు కంకరపొడిలోంచి గింజలు ఏరాను. లారీల దారి పక్కన ఇల్లు కనక దుమ్ము పెద్ద శత్రువు. పని ఆపినప్పుడల్లా మూడు పాత చీరలు కప్పేవాణ్ని.

ఈ పనిలో నాకు బాగా ఇష్టమైనది గడ్డి. పోస్టులో తెప్పించిన నైలాన్ పోగులు రెండు మిల్లీమీటర్లవి ఉంటాయి. ఊరికే చల్లితే పడుకుంటాయి. నిలబడాలంటే కరెంటు కావాలి. దోమల బ్యాటు విప్పి, ఒక తీగను చాయ వడపోసే జాలికి, ఇంకో తీగను మేకుకు కట్టాను. మేకును తడి బంకలో గుచ్చి, జాలిలో పోగులు వేసి, బటన్ నొక్కి ఆడిస్తే ఒక్కొక్క పోగు బాణంలా దిగి నిటారుగా నిలబడుతుంది. నాకు రోజుకు రెండుసార్లయినా షాకు కొట్టేది.

"వదినె, జూసినవా నీ తమ్ముని," అనేది మా ఆవిడ. "దోమల్ని సంపేదానితోని గడ్డి మొలిపిస్తాండు. చాయ జాలి వాయె, బ్యాటు వాయె. రేపు పొయ్యి మీద గిన్నె ఎత్తుకపోతడు."

"నీ మొగడు చిన్నప్పుడు గిట్లనే," అంది అక్క. "బాపు గొంగడి దారం గుంజి గాలిపటం జేసిండు. దెబ్బలు నేను తిన్న."

"ఎందుకు నువ్వు తిన్నవ్?"

"హాస్టలుకు వొయ్యేటోన్ని ఎట్ల కొడ్తరే?"

కట్ట బయటి వాలు మీద, మత్తడి పక్కన, ఒడ్డు చుట్టూ మూడు రంగుల గడ్డి కలిపి నిలిపాను. పొడుగు తుంగకు గోనె పీచు వాడాను. అక్క అరచేతితో మెల్లగా తడిమి, గొర్రె వీపు లెక్క ఉన్నదన్నది. తర్వాత ఒక మాట అడిగింది. నా డైరీలో ఉన్న రెండు మాటల్లో ఇది మొదటిది.

"లోపట?"

"లోపట నీళ్లుంటయి గదక్కా."

"ఊఁ," అంది. ఊఁ అన్నదని కూడా రాశాను. ఎందుకన్నదో ఆలోచించలేదు.

నీళ్లు పోయడం మొదలుపెట్టాను. అడుగు పొరలకు ముదురు రంగు, పైకి వచ్చిన కొద్దీ పలుచన. ముసురులో మూడో పొర మీద పాలలాంటి మసక కమ్మింది. సన్నని గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ పోశాను. చివరి పొర మీద జెల్ పూసి, కుంచె కొసతో గాలి వాలుకు అలలు తీశాను. మత్తడి మీంచి దూకే నీళ్లకు దూది పోగులు పరిచాను. ఆ రెండు వారాల్లో గోడ మీది పళ్లెం గిన్నె అంతయింది. రెండో మాట ఆ రోజుల్లోనిదే. "ఇంకెన్ని పొరలురా, తమ్మీ?" 

పూర్తయిన రోజు పొద్దున, ఎండ బాగా పడే వరండాలోకి తెచ్చి, చీర తీశాను. మా ఆవిడ నోటి మీద చేయి వేసుకుంది. 

అక్క మొహం దగ్గరగా పెట్టి ఎడమ నుంచి మొదలుపెట్టింది. కట్టను గుర్తుపట్టింది. రాళ్లు మంచిగ పేర్చినవ్ అంది. తూమును చూసి నవ్వింది. అక్కడి నుంచి నీళ్ల మీదికి వచ్చింది. నీళ్ల మీద మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకు పోయింది. మళ్లీ వెనక్కి వచ్చింది. కింద పడిన సూదిని వెతికేవాళ్ల తీరుగా వెతికింది.

"ఏడున్నదిరా?"

"ఏదక్కా?"

"గడ్డి."

"ఇగో, కట్ట పొంటి. ఇగో, ఒడ్డు పొంటి మొత్తం..."

"గది గాదు. నా గడ్డి. నేను మందను దోలేది."

నాకు అర్థం కాలేదు. ఆమె తల ఎత్తింది. నన్ను చూడటానికి రెండుసార్లు తల తిప్పుకోవలసి వచ్చింది.

"శివరాత్రికెల్లి నీళ్లు దిగవడ్తయి. ఎంత దిగితె గంత జాగల గడ్డి లేస్తది. ఉగాది నాటికి సగం కుంట పచ్చగైతది. ఊరు ఊరంత ఎండి బుగ్గైనప్పుడు గా ఒక్క జాగలనే పచ్చ. మేం కుంట లోపట ఉండేది, తమ్మీ. నడుమ గుంతల గిన్ని నీళ్లుండేది, గొర్లు తాగనీకె. మిరుగు పడి వానలొచ్చేదాంక గదే మా ఇల్లు. నువ్వు సూడలేదా?"

నేను తీసిన చీరను చేతిలో మడత పెట్టాను.

"నువ్వు పొలాలున్నోళ్ల కుంట జేసినవ్. కట్ట కింద మడి ఉన్నోనికి నిండితెనే కుంట. మనకు కట్ట కింద గుంటెడు జాగ ఉండెనా? మనకు ఎండితె కుంట." మళ్లీ ఒకసారి వంగి చూసింది. "గొర్లన్ని మునిగినయిరా," అంది.

మా ఆఫీసు పటాల్లో ప్రతి చెరువుకూ కుంటకూ పూర్తి నీటిమట్టం దగ్గర నీలి గీత ఉంటుంది. నేనే గీసేవాణ్ని. గీత లోపల నీలం, బయట మిగతా రంగులు. ముప్పై నాలుగేళ్లలో నీళ్లు దిగిన కుంటను ఒక్కసారి కూడా గీయలేదు. దానికి మా దగ్గర రంగు లేదు. బల్ల ముందు కూర్చుని మట్టం ఎక్కడ పెట్టాలని నన్ను నేను అడగనే లేదు, అది అడిగే సంగతని కూడా తోచలేదు. ఊళ్లో కట్ట మీద నిలబడి ఇది గాదురా అని ఆమె చెప్పినప్పుడు ఆమె కంటికి అంతా సరిగ్గానే కనిపించింది.

రెజిన్ గట్టిపడ్డాక ఊడదు. అయినా ఉలి పెట్టి కొట్టాను. గోరంత పెంకు లేచింది. రెండో దెబ్బకు అడుగు దాకా ఒక నెర్రె పారింది. మూడో దెబ్బకు మా ఆవిడ వచ్చి నా చేయి పట్టుకుంది. "వలగొట్టి ఏం జేస్తవయ్యా? కొత్తది మొదలువెట్టు," అంది.

ఆ రోజు నా పాత డైరీల పెట్టె దింపాను. మొదటి డైరీ హాస్టలు రోజులది. ఎండాకాలం సెలవుల పుటలు వెతికాను. ఒక చోట ఉంది: "కుంట సగం ఎండినది. అక్క గొర్లను లోనికి తోలినది. నేను కట్ట మీద కూర్చొని లెక్కలు చేసుకొంటిని." అంతే. తర్వాతి రోజూ అదే. ఆ తర్వాతి రోజు, లెక్కలు అయిపోయినవి అని ఉంది. గడ్డి మాట ఎక్కడా లేదు. అప్పుడు నా కళ్లు బాగానే ఉండేవి.

రెండో కుంటను అక్క చెబుతుంటే చేశాను. ముందుగా కుంట అడుగు మట్టి కావాలి. అది కుంటలో లేదు. పూడిక తీసినప్పుడు ట్రాక్టర్లతో చేలకు తోలారు. ఊళ్లో ఒక పత్తి రైతును అడిగాను.

"మీ కుంట ఇప్పుడు నా చేన్ల ఉన్నది, సారూ. ఎంత గావాల్నో నింపుకో," అన్నాడు. "మల్ల కుంటల పోస్తవా ఏంది?"

సంచెడు తెచ్చాను. నానబెట్టి, పలుచగా పరిచి ఆరబెడితే ఆ మట్టి తనంతట తానే నెర్రెలు విడిచింది. నేను చేత్తో గీసిన ఏ నెర్రే అలా రాలేదు. పైన ఎండిన నెర్రెలు, వాటి కింద పసుపు తిరిగిన గడ్డి, దాని కింద లేత పచ్చ, నడుమ బురద, బురదలో నీటి గుంత. నీళ్లు దిగిన వరుసలో రంగులు దిగాలని అక్క చెప్పింది. ఇంకా చాలా చెప్పింది. ఇన్నేళ్లలో ఆమె నాతో అంత మాట్లాడలేదు.

"గట్ల నిటారుగ నిలవెట్టకు. గొర్రె కొరికిన గడ్డి సమంగ ఉంటది, మంగలి గీసినట్టు."

కత్తెరతో కత్తిరించాను.

"బురదల డెక్కల గుంతలు వెట్టు. గుంతలల్ల ముందుగాల గడ్డి లేస్తది."

గుండుసూది తలతో గుంతలు పెట్టాను. మా గొర్లు నల్లవి. ఆ కొలతలో గొర్రె నువ్వు గింజకన్నా ఒక పిసరు పెద్దదవుతుంది. నల్ల నువ్వులు అంటిస్తుంటే మా ఆవిడ అడిగింది, "నువ్వులేందయ్యా ఇంట్ల? ఎవలన్న వొయిన్రా?" 

"మా మంద వొయింది గదనే," అంది అక్క. "ఎన్ని వెట్టినవ్ తమ్మీ?"

"అరవై."

"ఇంకో నాలుగు వెట్టు. నాలుగెప్పుడు ఎనుకవడ్తయి."

గోడ మీది గిన్నె ఆ వారానికి చేతి గాజు అంత అయింది. మరుసటి ఆదివారం రూపాయి బిళ్లంత. నేను పెన్సిల్ చుక్కల కింద తేదీ రాసుకుంటున్నాను. కొలిచే పద్ధతి మారకూడదని కుర్చీ కాళ్ల దగ్గర సుద్దముక్కతో గుర్తులు కూడా పెట్టాను.

ఇక మిగిలింది నడుమ గుంతలో నీళ్లు. అరచేతిలో పట్టేంత గుంత. రెండు పొరలు, రెండు రోజులు. మొదటి పొర పోసి చీర కప్పిన రోజు అక్క వరండాలోకి తడుముకుంటూ వచ్చింది.

"తమ్మీ, జర చీర తియ్యి. ఎంతైందో గంతే జూస్త."

"ఇంకో పొర ఉన్నదక్కా. ఇప్పుడు తీస్తె దుమ్ము వడ్తది. తడి మీద దుమ్ము వడ్డదంటె మల్ల తియ్యరాదు."

"పడనియ్యిరా. కుంటల దుమ్ము ఉండదా?"

"రెండ్రోజులాగు. నీళ్లు లేకుండ ఏం జూస్తవ్? మొత్తం అయినంక పొద్దుగాల ఎండల జూద్దువు."

"సరే తియ్యి," అంది. ద్వారబంధం పట్టుకుని లోపలికి పోయింది.

ఆ రోజు డైరీలో నేను రాసుకున్నది: మొదటి పొర పది గంటలకు. బుడగలు రెండు. గాలి పొడిగా ఉంది.

రెండో రోజు రెండో పొర పోశాను. మూడో రోజు పొద్దున అక్క మంచం అంచున కూర్చుని ఉంది. మా ఆవిడ ముఖం కడుక్కోమని నీళ్లు తెచ్చింది.

"ఇయ్యాల మబ్బు వట్టిందా, మర్దలా?" అని అడిగింది అక్క.

బయట ఎండ కళ్లు మిరుమిట్లు గొలుపుతోంది. మా ఆవిడ నా వైపు చూసింది. నేను ఆమె చేతిలోని చెంబు అందుకుని కింద పెట్టాను. తర్వాత వరండాలోకి పోయి, చీర తీసి, వేలు ఆనించి చూశాను. అంటుకోలేదు. నీళ్లు అద్దంలా ఉన్నాయి. నా చేతుల మీదుగా అంత మంచి పని ఎన్నడూ రాలేదు.

ఆ రోజే పట్నం పోయాం. డాక్టరు కంట్లో లైటు వేసి చూశాడు. చూసి లైటు ఆర్పాడు. వెలుగేమైనా తెలిసిందా అని అడిగాడు. లేదు బిడ్డా అంది అక్క. ఇంటికి వచ్చేదాకా ఆమె గానీ నేను గానీ కుంట మాట ఎత్తలేదు. ఆ ఆదివారం నేను గోడ దగ్గరికి పోలేదు. 

పది పన్నెండు రోజుల తర్వాత తనే అడిగింది.

"తమ్మీ, గదేడున్నది? చెయ్యన్న వెట్టి జూస్త."

బల్ల తెచ్చి ఆమె ముందు పెట్టాను. చేయి పట్టుకుని కట్ట మీద ఆనించాను. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడింది. చేత్తో అయినా చూస్తుందని నాకు చాలా ఆశగా ఉండింది.

అక్క వేళ్లు కట్ట మీంచి లోపలికి దిగాయి. గడ్డి మీద ఆగాయి. కత్తిరించిన నైలాన్, బంకతో బిగుసుకుని ఉంది.

"గిదేంది, ముండ్లా?"

"గడ్డక్కా. కొరికిన గడ్డి."

"ఓ," అంది. చేయి కిందికి జరిపింది. బురద రాయిలా ఉంది. దాన్ని అలా గట్టిపరచకపోతే రాలిపోతుంది. డెక్కల గుంతలు ఆమె వేళ్లకు తెలియలేదు. అరవై ఏళ్లు పుల్లలూ తాళ్లూ పట్టి కాయలు కాసిన వేళ్లు. నీళ్ల మీదికి వచ్చింది. నున్నగా, చల్లగా ఉంది. అద్దం పెట్టినవా అని అడిగింది. కంటి కోసం చేసిన పని అది. అందులో ఏ ఒక్కటీ చేతికి తాను ఏమిటో చెప్పలేదు. లేత పచ్చకూ ముదురు పచ్చకూ నడుమ నేను మూడు రోజులు పడిన కష్టం ఆమె వేలి కింద ఒకటే గరుకు.

వేలికి ఏదో అంటుకుంది. బొటనవేలితో నలిపి చూసుకుంది.

"గొర్రె ఊడొచ్చిందిరా," అని చిన్నగా నవ్వింది. నేను తీసుకోబోతే ఇవ్వలేదు.

తర్వాత అరచేయి పచ్చిక మీద పరిచి ఉంచి అంది, "నాకైతే కనవడ్తలేదు. నువ్వు జూస్తున్నవ్ గద. ఎట్లున్నదో జెప్పు."

చెప్పడం మొదలుపెట్టాను. పైన నెర్రెలు, కింద పసుపు గడ్డి, దాని కింద లేత పచ్చ, ఎడమ పక్క తుంగ, నడుమ నీళ్లు, అరవై నాలుగు గొర్లు.

"నువ్వు జేసింది జెప్తున్నవ్. గవన్ని నేను జెప్పినయే గద," అంది అక్క. "కుంట జెప్పు. ఎండకాలం సెలవులకు వచ్చి కట్ట మీద కూసుంటుంటివి గద. నేను కింద గొర్ల నడుమ ఉంటుంటి. పైకెల్లి ఎట్ల కనవడుతుండె?"

నేను వెతికాను. నిజంగా వెతికాను. కట్ట రాయి వేడి గుర్తుంది. లెక్కల పుస్తకం అట్ట రంగు గుర్తుంది. ఒక పుటలో తప్పిన భాగహారం గుర్తుంది. కుంట వైపు ఏమీ లేదు. 

ఆమె చేయి అలాగే ఉంచి, మొహం నా గొంతు వైపు తిప్పి, చాలాసేపు ఎదురుచూసింది. తర్వాత చేయి తీసేసుకుంది.